డ్యాష్‌బోర్డ్ నిండా రంగులే, కావాల్సిన ఆర్డర్ మాత్రం కనపడలేదు. ఏం చెయ్యమంటారు?

కావలి_కోడర్ · సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

కావలిలో ఒక ఆక్వా షాపుకి రెండేళ్ల కిందట వెబ్‌సైట్ చేసిచ్చాను. రొయ్యల మేత బస్తాలు, మినరల్స్, ప్రోబయాటిక్స్, ఏరియేటర్ (గుంట నీటిలో గాలి కలిపే యంత్రం) స్పేర్లు, అన్నీ రైతులు ఫోన్లోనే ఆర్డర్ పెట్టుకుంటారు. వెనక అడ్మిన్ పేజీ జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు చేసే సాధనం) ఉంది, షాపులో ముగ్గురు దాన్ని చూస్తుంటారు. ఆర్డర్లకు ఆరు స్థితులు పెట్టాను. కొత్తది లేత నీలం, డబ్బు రావాల్సింది పసుపు, ప్యాకింగ్‌లో ఉన్నది నారింజ, లోడ్ అయింది ఊదా, చేరింది ఆకుపచ్చ, వెనక్కి వచ్చింది ఎరుపు. వరుస మొత్తానికి ఆ రంగు. ఇవి కాక రైతు 'అర్జెంట్' అని టిక్ పెడితే ఆ వరుస గులాబీ అవుతుంది. చేసినప్పుడు చాలా బాగుందనిపించింది, ఓనర్ కూడా మెచ్చుకున్నారు.

పోయిన వారం రాత్రి పదకొండుకు ఒక రైతు ఏరియేటర్ గేర్‌బాక్స్ అర్జెంట్ అని పెట్టాడు. పొద్దున షాపు తెరిచాక మధ్యాహ్నం పన్నెండు దాకా ఎవరూ చూడలేదు. పేజీలోనే ఉంది, మూడో వరుసో నాలుగో వరుసో, గులాబీ రంగులోనే ఉంది. దాని పైనా కిందా వెనక్కి వచ్చిన ఆర్డర్లు ఎర్రగా ఉంటే వాటిలో కలిసిపోయింది. ఆ రాత్రి ఆయన పక్క గుంట వాళ్ల ఏరియేటర్ అడిగి తెచ్చుకుని ఎలాగో గట్టెక్కాడట. రొయ్యలు దక్కాయి, కానీ ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్. ఓనర్ నన్ను తిట్టలేదు, "ఇన్ని రంగులు పెట్టావు కదా అబ్బయా, కావాల్సింది ఎందుకు కనపడలా?" అని మాత్రం అడిగారు.

ఏ రంగులు మార్చాలి? అర్జెంట్‌కు ఇంకా ముదురు ఎరుపు పెడితే సరిపోతుందా?

పెన్నా_ఒడ్డు · సోమవారం రాత్రి 10:15

తమ్ముడూ, ముందు ఒక పని చెయ్. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌లో ఎడిట్ నొక్కి, రంగు పూర్తిగా తీసేసి నలుపు తెలుపు చేసి చూడు. అప్పుడు ఏ వరుస కంటికి తగులుతుందో చెప్పు. నా అంచనా ఏదీ తగలదు. నువ్వు వాడినవన్నీ లేత రంగులు, పేర్లు వేరైనా వెలుతురులో అన్నీ ఒకే మెట్టు మీద నిలబడతాయి. మన కన్ను దేన్నైనా ముందు పట్టుకునేది ఎక్కువగా ఆ వెలుతురు తేడాతో, రంగు పేరుతో కాదు.

ముదురు ఎరుపు పెడితే వారం పనిచేస్తుంది. తర్వాత ఓనర్ వెనక్కి వచ్చినవి కూడా సరిగ్గా కనపడటం లేదంటారు, దాన్నీ ముదురు చేస్తావు, మళ్లీ మొదటికే వస్తుంది. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు మా ఇంట్లో కొట్టొచ్చినట్టు కనపడే చొక్కా వేసేవాళ్లు, ఆ జనంలో చెయ్యి వదిలితే వెతుక్కోవడానికి. చుట్టూ ఉన్నవాళ్లు మామూలు బట్టల్లో ఉన్నారు కాబట్టి అది పనిచేసింది. నీ పేజీలో ప్రతి ఆర్డరూ ఆ చొక్కానే వేసుకుని నిలబడింది.

కొన్ని వివరాలు కావాలి. రోజుకు ఎన్ని ఆర్డర్లు? ఏ మానిటర్ మీద చూస్తారు, ఎక్కడ కూర్చుని చూస్తారు? ఆ ముగ్గురి వయసులు ఎంత?

కావలి_కోడర్ · సోమవారం రాత్రి 10:48

అన్నా, ఇప్పుడే చేసి చూశాను. మీరన్నట్టే ఉంది, పేజీ మొత్తం ఒకే బూడిద చాప పరిచినట్టు ఉంది. అర్జెంట్ ఎక్కడుందో నేనే వెతుక్కున్నాను, చేసినవాణ్ణి నేనే అయినా.

రోజుకు 120, 150 ఆర్డర్లు వస్తాయి, రొయ్యల కల్చర్ బాగా నడిచే రోజుల్లో ఇంకా ఎక్కువ. కౌంటర్‌లో పాత 19 అంగుళాల మానిటర్. షాపు పడమటి ముఖం, మూడు దాటితే ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంది. లెక్కలు చూసే పెద్దాయనకు యాభై ఆరు, కళ్లజోడు ఉంది, అక్షరాలు సరిగ్గా కనపడవంటారు. ఇద్దరు కుర్రాళ్లలో ఒకరు కౌంటర్‌లో, ఒకరు గోడౌన్ దగ్గర ఫోన్‌లో చూస్తాడు.

ఒంగోలు_డిజైన్ · మంగళవారం ఉదయం 7:20

నేను హైదరాబాద్‌లో ఒక ప్రోడక్ట్ కంపెనీలో స్క్రీన్లు డిజైన్ చేస్తాను, ఊరు ఒంగోలు. నీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే మొదటి ఉద్యోగంలో నేను చేసింది కూడా ఇదే తప్పు.

రంగును అలంకారంగా చూడటం మానేసి, ఒక్కో రంగుకు ఒక్కో ఉద్యోగం ఇచ్చినట్టు ఆలోచించు. పేజీలో తొంభై శాతం ఏ ఉద్యోగమూ లేని రంగులతోనే ఉండాలి: తెలుపుకు దగ్గరగా ఉండే నేపథ్యం, నలుపుకు దగ్గరగా ఉండే అక్షరం, గీతలకు లేత బూడిద. తర్వాత నొక్కదగిన వాటికి ఒకే రంగు, నీలం అనుకో. లింకు, బటన్, ఎంచుకున్న మెనూ అన్నీ అదే నీలం, ఆ నీలం ఇంకెక్కడా వాడకూడదు. నువ్వు కొత్త ఆర్డర్‌కు నీలం వేశావు కదా, అందుకే నొక్కేదేదో, ఉత్త సమాచారమేదో తేడా పోయింది. మిగిలింది హెచ్చరిక రంగులు, అవి రెండు చాలు.

ఇంటీరియర్ డిజైన్ వాళ్లు 60-30-10 అని ఒక లెక్క చెబుతారు, ప్రధాన రంగు అరవై, తోడు రంగు ముప్పై, మెరుపు రంగు పది. డ్యాష్‌బోర్డ్‌లో ఆ పది కూడా ఎక్కువే అని నా అనుభవం.

ఇక అక్షరాలు. పెద్దాయన చదవలేకపోవడానికి సగం కారణం అక్కడుందని నా అనుమానం. తేదీ, ఫోన్ నంబర్ లాంటివి బూడిద రంగులో పెట్టావా?

కావలి_కోడర్ · మంగళవారం ఉదయం 8:05

అవునక్కా, #999999 అనే లేత బూడిద వాడాను. ముఖ్యం కానివి వెనక్కి తగ్గినట్టు ఉంటాయని.

ఒంగోలు_డిజైన్ · మంగళవారం ఉదయం 8:31

అదే. తెలుపు మీద #999999 కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనకున్న రంగుకీ వెలుతురు తేడా, 2.85:1 వస్తుంది. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ వాళ్ల డబ్ల్యూసీఏజీ నిబంధనల ప్రకారం మామూలు సైజు అక్షరానికి కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరానికి 3:1. నలుపు మీద తెలుపు 21:1, అదే గరిష్ఠం. బూడిదలో తెలుపు మీద గట్టెక్కేది #767676, దానికి 4.54. ఒక్క మెట్టు లేతగా #777777 పెట్టావా, 4.48కి పడి తప్పుతుంది. ఎండ పడే పాత మానిటర్ కాబట్టి నేనైతే ఆ గీత దగ్గర ఆగను, #555555 పెడతాను, దానికి 7 దాటుతుంది.

రంగుల విషయంలో ఇంకొకటి తెలుసుకోవాలి. పూర్తి తీవ్రతతో ఉన్న నీలం అక్షరం తెలుపు మీద 8.5 దాటుతుంది, ఎరుపు 4 దగ్గరే ఆగిపోతుంది, మెరిసే ఆకుపచ్చకు 1.4 కూడా రాదు. మూడూ కంప్యూటర్‌కు సమానమే, మన కంటికి కావు. ఆకుపచ్చ వెలుతురుకు కన్ను ఎక్కువ స్పందిస్తుంది కాబట్టి అది తెలుపుకు దగ్గరగా కనపడుతుంది. అందుకే ఆకుపచ్చ అక్షరం కావాలంటే బాగా ముదురుది, #008000 లాంటిది తీసుకోవాలి, దానికి 5.1 వస్తుంది. పసుపు బటన్ మీద తెల్ల అక్షరం ఎప్పుడూ పెట్టకు, 2:1 కూడా రాదు. పసుపు మీద నల్ల అక్షరమే.

చీమకుర్తి_రాయి · మంగళవారం మధ్యాహ్నం 1:10

నేను కోడింగ్ మనిషిని కాదు. గ్రానైట్ ఆఫీసులో లోడింగ్ లెక్కలు చూస్తాను. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఇరవై రెండేళ్ల వయసులో రైల్వే ఉద్యోగం మెడికల్‌లో ఇషిహారా పుస్తకం చూపించి చుక్కల్లో అంకె చెప్పమంటే చెప్పలేకపోయాను. ఆ రోజు తెలిసింది. ఆ పుస్తకం తొలిసారి అచ్చైంది 1917లో, ఇప్పటికీ అవే చుక్కలు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మేము వాడే సాఫ్ట్‌వేర్‌లో కొనేవాళ్లు ఒప్పుకున్న రాతి బ్లాక్‌కు ఆకుపచ్చ చుక్క, వద్దన్న బ్లాక్‌కు ఎర్ర చుక్క పెట్టారు. చుక్క మాత్రమే, పక్కన మాట లేదు. నాకు రెండూ ఒకే రకం బురద రంగు. ఒకసారి వద్దన్న బ్లాక్‌ను లోడింగ్ లిస్టులో ఎక్కించాను, లారీ కదిలే ముందు సూపర్‌వైజర్ చూసి ఆపాడు. అప్పటి నుంచీ నేను ప్రతి చుక్క మీదా మౌస్ పెట్టి, కింద వచ్చే చిన్న అక్షరాలు చదివి గానీ ముందుకు పోను. రోజుకు గంట ఎక్కువ పడుతుంది. చేసినవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా "రంగులు క్లియర్‌గానే ఉన్నాయి కదా సార్" అంటారు.

తమ్ముడూ, నీ ముగ్గురిలో ఎవరికైనా నాలాగా ఉందేమో అడిగావా? చాలామందికి తమకు ఉందనే తెలియదు. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో పన్నెండు మందిలో ఒకరికి ఉంటుందని లెక్క చెబుతారు, ఆడవాళ్లలో చాలా తక్కువ. అది మామూలుగా తల్లి ద్వారా కొడుక్కి వచ్చేది.

ఒక మంచి ఉదాహరణ రోజూ మన చేతిలోనే ఉంటుంది. బిస్కట్ ప్యాకెట్ మీద శాకాహారం గుర్తు ఆకుపచ్చ చుక్క. మాంసాహారానికి ముందు గోధుమ రంగు చుక్క ఉండేది, రెండూ గుండ్రమే, నాకు తేడా తెలిసేది కాదు. 2020 లేబులింగ్ నిబంధనల్లో దాన్ని గోధుమ రంగు త్రిభుజం చేశారు. ఇప్పుడు రంగు చూడకుండానే తెలిసిపోతుంది. నీ పేజీలో కూడా ఆకారం ఒకటి, మాట ఒకటి పెట్టు. రంగు మూడోది.

పెన్నా_ఒడ్డు · మంగళవారం మధ్యాహ్నం 1:40

చీమకుర్తి అన్న చెప్పింది నిబంధనల్లో కూడా ఉంది, డబ్ల్యూసీఏజీ 1.4.1. ఏ సమాచారాన్నీ రంగు ఒక్కదానితోనే చెప్పకూడదు. 2008లో వచ్చిన 2.0 నుంచీ అది అట్టడుగు మెట్టు, అంటే ఎవరైనా తప్పక పాటించాల్సినది.

అన్నా, ఒక మాట అడగొచ్చా. మీ చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయిలో బంగారు రంగు చుక్కలు మీకు ఎలా కనపడతాయి?

చీమకుర్తి_రాయి · మంగళవారం మధ్యాహ్నం 2:02

అవి చాలా బాగా కనపడతాయి అన్నా. రాయి పాలిష్ బాగుందో లేదో, చుక్క దట్టంగా ఉందో లేదో చెప్పడంలో నాకు ఎవరూ తీసిపోరు. నల్లటి రాయి మీద మెరిసే చుక్క కదా, రంగు తెలియకపోయినా మెరుపు తెలుస్తుంది.

పెన్నా_ఒడ్డు · మంగళవారం మధ్యాహ్నం 2:09

కావలి తమ్ముడూ, నీ అర్జెంట్ ఆర్డర్ ఆ రాయిలో చుక్కలా ఉండాలి.

గూడూరు_నిమ్మ · మంగళవారం సాయంత్రం 6:55

నేను నిమ్మకాయల కమిషన్ షాపులో అకౌంట్స్ రాస్తాను. పొద్దున ఆరు నుంచి స్క్రీన్ ముందే. డెవలపర్లందరికీ వాడేవాళ్ల తరఫు నుంచి కొన్ని చెప్పాలి.

మొదటిది, రంగుకు అర్థం పనిని బట్టి ఉంటుంది. మా యార్డులో పచ్చికాయ అంటే దూరం పోయే సరుకు, ఢిల్లీ దాకా తట్టుకుంటుంది. పండుకాయ పసుపు, దగ్గర ఊళ్లకే. మా సాఫ్ట్‌వేర్ చేసినబ్బాయి 'అమ్ముడైంది' అన్నదానికి పచ్చ, 'మిగిలింది' అన్నదానికి పసుపు పెట్టాడు. మా వాళ్లు పచ్చ చూసి పచ్చికాయ లాట్ అనుకున్నారు. తప్పు ఆ అబ్బాయిదీ కాదు, మా వాళ్లదీ కాదు, ముందుగా వచ్చి యార్డులో ఒక పూట కూర్చుని ఉంటే తెలిసేది.

రెండోది ప్రింటు. మా ఓనర్ సాయంత్రం లిస్టు ప్రింట్ తీసి చేతిలో పట్టుకుని తిరుగుతారు. ప్రింటర్ నలుపు తెలుపుదే. ఎర్ర వరుస, పచ్చ వరుస రెండూ ఒకే మసక బూడిదలో వస్తాయి, పైన అక్షరాలు కూడా అందులో కొట్టుకుపోతాయి, టోనర్ వారానికే అయిపోతుంది.

మూడోది, దయచేసి చెప్పకుండా మార్చొద్దు. అలవాటైన చెయ్యి కళ్లకన్నా ముందు పోతుంది. ఒక సోమవారం వచ్చేసరికి 'సేవ్' పచ్చ నుంచి నీలం అయింది, 'రద్దు' పచ్చ అయింది. ఆ రోజు ఎన్ని బిల్లులు మళ్లీ రాశానో నాకే తెలుసు.

ముత్తుకూరు_ఆక్వా · మంగళవారం రాత్రి 8:30

అందరూ వరుసకు రంగు తప్పంటున్నారు, నేను ఒప్పుకోను. మా గుంటల్లో సెన్సర్లు పెట్టి ఆక్సిజన్, పీహెచ్, ఉప్పు శాతం చూసే డ్యాష్‌బోర్డ్ నేనే నడుపుతున్నాను. గుంటకో పెద్ద పెట్టె. నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది తెల్లవారకముందు. రాత్రంతా నాచు, రొయ్య అన్నీ పీల్చుకోవడమే గానీ ఎండ లేదు కాబట్టి పుట్టించేది లేదు. తెల్లవారుజాము మూడు గంటలకు అలారం మోగితే ఫోన్ తెరిచి నిద్రకళ్లతో చూస్తాను. అప్పుడు మాట చదివే ఓపిక ఉండదు. ఆక్సిజన్ 4 పీపీఎం (లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాములు) కిందికి పోతే పెట్టె మొత్తం ఎర్రగా మారాలి. మారుతుంది కూడా. చిన్న చుక్క పెట్టుకుంటే నా పంట పోతుంది.

పెన్నా_ఒడ్డు · మంగళవారం రాత్రి 8:52

మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్ సామీ, పైగా మన వాదనకు అది వ్యతిరేకం కూడా కాదు. మీ పెట్టెలు మిగతా రోజంతా ఏ రంగులో ఉంటాయి?

ముత్తుకూరు_ఆక్వా · మంగళవారం రాత్రి 9:05

తెల్లగా, నల్ల అంకెలతో. ముందు అన్నీ బాగుంటే ఆకుపచ్చ పెట్టాను, పన్నెండు గుంటలు పన్నెండు పచ్చ పెట్టెలు, కళ్లు లాగేవి. తీసేశాను. బాగున్నదానికి రంగు ఎందుకని.

సరే, అర్థమైంది. మీరన్నది నేను చేసిందే.

ఒక డౌటు కూడా అడుగుతాను. అమ్మోనియా వారం గ్రాఫ్ ఇంద్రధనుస్సు రంగుల్లో వస్తుంది, ఊదా నుంచి ఎరుపు దాకా. మధ్యలో పసుపు దగ్గర ఏదో పెద్ద మార్పు వచ్చినట్టు కనపడి కంగారు పడతాను, అంకె చూస్తే కొంచెమే పెరిగి ఉంటుంది.

ఒంగోలు_డిజైన్ · మంగళవారం రాత్రి 9:40

అది ఇంద్రధనుస్సు స్కేలుతో అందరికీ వచ్చే ఇబ్బందే. అందులో పసుపు అన్నిటికన్నా వెలుగుగా ఉంటుంది కాబట్టి, విలువ మధ్యలోనే ఉన్నా కన్ను అక్కడికే పోతుంది. తక్కువ నుంచి ఎక్కువకు పోయే అంకెలకు ఒకే రంగు లేత నుంచి ముదురుకు వాడండి, లేదా వెలుతురు క్రమంగా మారే స్కేలు తీసుకోండి. పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడుతుంటే విరిడిస్ అనే స్కేలు ఉంటుంది, 2.0 వెర్షన్ నుంచీ అదే డిఫాల్ట్, రంగు తేడా తెలియనివాళ్లకూ పనికొస్తుంది. సింథియా బ్రూయర్ అనే మ్యాప్‌ల ప్రొఫెసర్ చేసిన కలర్‌బ్రూయర్ సైట్‌లో ఇలాంటి స్కేళ్లు ఉచితంగా దొరుకుతాయి. రంగుచూపు లోపం ఉన్నవాళ్లకు సరిపోయేవి మాత్రమే చూపించమని అక్కడ టిక్ కూడా పెట్టుకోవచ్చు.

కావలి_కోడర్ · బుధవారం రాత్రి 11:20

ఈ రోజు చేసింది చెబుతాను. వరుసల రంగులన్నీ తీసేశాను. స్థితి అన్న కాలమ్‌లో మాట, దాని వెనక చిన్న రంగు పట్టీ మాత్రమే ఉంచాను. బూడిద అక్షరాలు #555555 చేశాను, అది చూడగానే పెద్దాయన "ఇప్పుడు నంబర్ కనపడతా ఉంది" అన్నారు, చాలా సంతోషం వేసింది.

కానీ కొత్త ఇబ్బంది. పేజీ బోసిగా ఉందని ఓనర్ అంటున్నారు. అది సర్దుకుంటుంది గానీ, అసలు సమస్య తీరలేదు. కొత్త ఆర్డర్లు నలభై ఉంటే నలభై నీలం పట్టీలు. అందులో రాత్రి నుంచి ఆగి ఉన్నదేదో, ఇప్పుడే వచ్చిందేదో తెలియడం లేదు. అర్జెంట్ టిక్ కూడా సగం మంది రైతులు ఊరికే పెడుతున్నారు, త్వరగా వస్తుందని.

పెన్నా_ఒడ్డు · గురువారం ఉదయం 6:30

ఇప్పుడు అసలు చోటికి వచ్చావు. రాత్రి పడుకునే ముందు నీ పోస్టు చూసి ఆలోచించాను.

నువ్వు మొదటి నుంచీ స్థితికి రంగు వేస్తున్నావు. కొత్తది, ప్యాకింగ్, లోడ్, ఇవి ఆర్డర్ ఎక్కడుందో చెబుతాయి, అది మాటతో చెబితే చాలు. షాపువాళ్లకు రంగుతో చెప్పాల్సింది ఒకటే, ఏది ఆగిపోయింది అని. ప్యాకింగ్‌లో పావుగంట ఉంటే మామూలు, నాలుగు గంటలుంటే ఏదో జరిగింది. రెండిటికీ ఒకే నారింజ వేస్తే ఆ తేడా ఎప్పటికీ తెలియదు. స్థితికి రంగు తీసెయ్, ఆలస్యానికి రంగు పెట్టు.

ఒక్కో స్థితిలో ఎంతసేపు ఉండటం మామూలో ఓనర్‌ని అడిగి రాసుకో. కొత్త ఆర్డర్ ముప్పై నిమిషాలు అంటారేమో, స్పేర్ పార్ట్ అయితే పది అంటారేమో, డబ్బు రావాల్సింది రెండు రోజులు అంటారేమో. ఆ గడువు దాటినప్పుడే వరుసకు ఎడమ పక్క నాలుగు పిక్సెళ్ల ముదురు ఎరుపు గీత, 'ఆగింది: 1 గం 20 ని' అని మాట. గడువు దగ్గర పడితే పసుపు మీద నల్ల అక్షరం. గడువు లోపలుంటే ఏ రంగూ వద్దు. షాపు మూసి ఉన్న గంటలను లెక్కలోంచి తీసెయ్యడం మర్చిపోవద్దు, లేకపోతే పొద్దున తెరవగానే అన్నీ ఎర్రగా ఉంటాయి, మళ్లీ చాప పరిచినట్టే అవుతుంది. రాత్రి వచ్చిన స్పేర్ పార్టులకు మాత్రం ఆ మినహాయింపు తీసెయ్.

ఇంకొకటి, ఆగినవి పైకి రావాలి. రంగు కన్నా ముందు పనిచేసేది చోటు. మూడో వరుసలో ఉన్న ఎరుపు కన్నా మొదటి వరుసలో ఉన్న తెలుపు ముందు కనపడుతుంది.

ఒంగోలు_డిజైన్ · గురువారం ఉదయం 7:45

దీనికి నేనొక్క మాటే చేరుస్తాను. ఎరుపు ఇక పేజీలో ఇంకెక్కడా ఉండకూడదు. వెనక్కి వచ్చిన ఆర్డర్‌కు ఎరుపు తీసెయ్, అది జరిగిపోయిన విషయం, ఇప్పుడు ఎవరూ పరిగెత్తాల్సింది లేదు. షాపు లోగో ఎరుపైతే అడ్మిన్ పేజీలో దాన్ని నలుపులో పెట్టు. 'డిలీట్' బటన్ కూడా మామూలుగా ఉంచి, నొక్కాక వచ్చే పెట్టెలో మాత్రం ఎర్రగా చూపించు.

కోడ్‌లో రంగులకు పేర్లు పెట్టేటప్పుడు 'ఎరుపు', 'పసుపు' అని పెట్టకు. 'ఆలస్యం', 'గడువు దగ్గర', 'నొక్కేది' అని పని పేరు పెట్టు. రేపు ఎరుపు బదులు ఇంకోటి కావాలంటే ఒక్కచోట మారిస్తే చాలు, 'ఎరుపు' అనే పేరుతో నారింజ రంగు తిరగదు.

వింజమూరు_వెబ్ · గురువారం ఉదయం 10:12

జాంగో అడ్మిన్ అయితే 3.2 నుంచీ థీమ్ రంగులన్నీ సీఎస్ఎస్ వేరియబుల్స్‌లోనే (విలువలకు పేరు పెట్టి ఒక్కచోట ఉంచేవి) ఉన్నాయి. బేస్ టెంప్లేట్‌ను ఓవర్‌రైడ్ చేసి, అదనపు స్టైల్ బ్లాక్‌లో నీ విలువలు రాస్తే పేజీ మొత్తం మారుతుంది. ఆలస్యం గీతకు లిస్టు కాలమ్‌లో ఒక ఫంక్షన్ రాసి జాంగోలోని format_html తో క్లాస్ పేరు పంపు. రంగు నేరుగా పైథాన్‌లో రాయకు. ఒక జాగ్రత్త, అదే 3.2 నుంచి సిస్టమ్ డార్క్ మోడ్‌లో ఉంటే అడ్మిన్ కూడా డార్క్‌లోకి పోతుంది. నువ్వు తెలుపు మీద సరిచూసుకున్న రంగులు అక్కడ పనికిరావు, దానికి వేరే విలువలు ఇవ్వాలి.

క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి రెండరింగ్ ప్యానెల్‌కు వెళ్తే అడుగున చూపు లోపాలు అనుకరించే ఆప్షన్ ఉంటుంది. చీమకుర్తి అన్నకు ఎలా కనపడుతుందో దాదాపుగా చూడొచ్చు. ఆ టూల్స్‌లోనే ఎలిమెంట్స్ ప్యానెల్‌లో అక్షరం రంగు మీద నొక్కితే కాంట్రాస్ట్ నంబర్ కూడా చూపిస్తుంది.

సంబంధం ఉన్నదే కాబట్టి ఇంకోటి. టెస్ట్ సైట్‌కు, అసలు సైట్‌కు పైన పట్టీ రంగు వేరుగా పెట్టు. ఒక క్లయింట్ పనిలో రెండు ట్యాబ్‌లూ ఒకేలా ఉండి, టెస్ట్ అనుకుని అసలు సైట్‌లో నెల రోజుల ఎంట్రీలు తీసేశాను. బ్యాకప్ ఉండబట్టి బయటపడ్డాను. అప్పటి నుంచీ నా టెస్ట్ సైట్లన్నిటికీ పైన ఊదా పట్టీ, 'టెస్ట్' అని పెద్ద అక్షరాలు. వర్డ్‌ప్రెస్ అయితే కోడ్ కూడా అక్కర్లేదు, యూజర్ ప్రొఫైల్‌లో అడ్మిన్ కలర్ స్కీమ్ మార్చుకుంటే చాలు.

గూడూరు_నిమ్మ · గురువారం మధ్యాహ్నం 12:40

డార్క్ మోడ్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా ఆఫీసులో కుర్రాళ్లంతా అదే బాగుంటుందంటారు. నాకు నల్లటి దాని మీద తెల్ల అక్షరాలు చెదిరినట్టు కనపడతాయి, అంకెలు 3, 8 కలిసిపోతాయి. నాకొక్కదానికేనా?

పెన్నా_ఒడ్డు · గురువారం మధ్యాహ్నం 1:15

మీకొక్కరికే కాదమ్మా. నల్ల తెర మీద చూసేటప్పుడు కంటిపాప పెద్దదవుతుంది, కంట్లో చిన్న దోషం ఉన్నా అక్షరం అంచు చెదిరినట్టు కనపడుతుంది. సైటు ఉన్నవాళ్లకు అది ఇంకా తెలుస్తుంది. వయసుతో కంటి కటకం కూడా కొంచెం పసుపు తిరుగుతుంది, నీలం వెలుతురు తక్కువ లోపలికి పోతుంది. అందుకే పెద్దవాళ్లకు ముదురు నీలానికీ నలుపుకూ తేడా తేలిగ్గా తెలియదు. పగటి వెలుతురులో పనిచేసే షాపుకి తెల్ల తెరే మంచిది. మరీ మెరిసే తెలుపు రాత్రిపూట ఇబ్బంది అయితే మానిటర్ వెలుతురు తగ్గించుకోండి. కావలిలో పెద్దాయనకూ అంతే. ఎవరికి నచ్చింది వాళ్లు మార్చుకునేలా ఉంచడం ఇంకా మంచిది.

కావలి_కోడర్ · తర్వాతి బుధవారం రాత్రి 9:10

వారం అయింది, చెప్పాలని వచ్చాను.

ఓనర్‌తో కూర్చుని గడువులు రాసుకున్నాను. నేననుకున్నవి చాలా తప్పు. మేత బస్తాలకు రెండు గంటలు ఆగినా పర్లేదన్నారు, ఏరియేటర్ స్పేర్లకు ఐదు నిమిషాలే అన్నారు. ఆ ఐదు నిమిషాలు ఎప్పుడూ నా బుర్రలో లేవు, నా కోడ్‌లో మేతా గేర్‌బాక్సూ ఒకటే. అర్జెంట్ టిక్ తీసేసి, వస్తువును బట్టే గడువు పెట్టాను. ఆగినవి పైకి వస్తాయి, ఎడమ పక్క ఎర్ర గీత, త్రిభుజం గుర్తు, పక్కన ఎంతసేపైందో మాటల్లో. మామూలు రోజున పేజీలో ఎరుపు రెండు మూడు చోట్లకు మించి ఉండటం లేదు. మార్చే ముందు రోజు ముగ్గుర్నీ కూర్చోబెట్టి చూపించాను, గూడూరు అక్క చెప్పినట్టు. ప్రింటు కూడా తీసి చూశాను, త్రిభుజం, టైము రెండూ స్పష్టంగా వచ్చాయి.

చీమకుర్తి అన్నా, మీరు అడిగారు కదా, అడిగాను. కౌంటర్‌లో కుర్రాడికి ఆకుపచ్చ, నారింజ తేడా సరిగ్గా తెలియదట. రెండేళ్లుగా వరుస రంగు చూడకుండా ప్రతి ఆర్డరూ తెరిచి చదువుతున్నాడు. చెబితే ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందని ఎవరికీ చెప్పలేదు. గేర్‌బాక్స్ ఆర్డర్ రోజు కౌంటర్‌లో ఉన్నది అతనే, తిట్లు పడింది కూడా అతనికే. నేను వెళ్లి ఓనర్‌కు విషయం చెప్పాను, తప్పు పేజీదని.

చీమకుర్తి_రాయి · బుధవారం రాత్రి 9:36

మంచి పని చేశావు తమ్ముడూ. ఆ అబ్బాయికి నా నంబర్ ఇవ్వడానికి ఇక్కడ కుదరదు గానీ, మెసేజ్ పెట్టమను, మాట్లాడతాను.

ముత్తుకూరు_ఆక్వా · బుధవారం రాత్రి 9:50

గోడౌన్ కుర్రాడి సంగతి ఏంది? ఫోన్‌లో నాలుగు పిక్సెళ్ల గీత ఎండలో కనపడుతుందా? నాకైతే గట్టు మీద నిలబడితే ఫోన్‌లో ఏదీ కనపడదు, పెద్ద అంకెలు తప్ప.

కావలి_కోడర్ · బుధవారం రాత్రి 10:04

అది చూడలేదన్నా. నేను ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద చూసి బాగుందనుకున్నాను. ఫోన్‌లో గీత బదులు ఆగిన వరుస మొత్తం ముదురు చేసి తెల్ల అక్షరం పెట్టి చూస్తాను, మీ పెట్టెల్లాగా. రేపు మధ్యాహ్నం రెండింటికి గోడౌన్‌కి వెళ్లి, ఆ కుర్రాడి ఫోన్‌లోనే, ఎండలోనే చూసి వచ్చి చెబుతాను.